భయానికి వేసే మాత్ర – ఎలుకలు నేర్పిన సంగతులు



మొన్నటి వేసవిలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయాక ఒక తల్లి వెనుక నిలబడిపోయింది. చాపలు చుట్టే పిల్లలు కూడా వెళ్ళిన తరువాత దగ్గరకు వచ్చి, కొంగు ముడి విప్పి ఒక మాత్రల షీటు నా చేతిలో పెట్టింది. పదింటిలో అయిదు వాడినవి, అయిదు మిగిలినవి.

"అయ్యగారూ, ఇవి ఆపేయమంటారా, వేయమంటారా? మీరేది చెబితే అది చేస్తాను" అన్నది.

ఆమె కుమారునికి పందొమ్మిదేళ్ళు. సంక్రాంతి ముందు ధాన్యం బస్తాల మీద కూర్చుని వస్తుండగా ట్రాక్టరు ట్రక్కు కాలువ గట్టు మీద నుండి పల్టీ కొట్టింది. వీనికి గీతలు పడ్డాయి, అంతే. పక్కన కూర్చున్న స్నేహితుని కాలు విరిగింది. దెబ్బలు మానాయి గాని, ఆనాటి నుండి ట్రాక్టరు చప్పుడు వినబడితే పిల్లవాడు వణికిపోతున్నాడు. గట్టు మీదికి రాడు, బస్సెక్కడు, కాలేజీ మానేశాడు. పట్నంలో మానసిక వైద్యునికి చూపిస్తే సెర్ట్రలిన్ అనే మాత్ర రాసి, నెల తరువాత రమ్మన్నారు. అయిదు రోజులు వేశారు. భయం తగ్గడం మాట అటుంచి, రాత్రి నిద్ర పోయింది, కాళ్ళు ఒకచోట నిలవడం లేదు, గాబరా ఇంకా ఎక్కువైంది. వీధిలో వాళ్ళు ఆపేయమన్నారు. ఒక పెద్దాయన అయితే, విశ్వాసం ఉన్నవాళ్ళకు ఇలాంటి మాత్రలెందుకని కూడా అన్నాడట. (ఆ పెద్దాయన రోజూ ఉదయం బి.పి. మాత్ర వేసుకోవడం నాకు తెలుసు. లూకా వైద్యుడన్న సంగతి ఆయనకూ తెలుసు.)

నేను ఆమెకు వెంటనే జవాబు చెప్పలేదు. నాకు తెలియదు గనుక చెప్పలేదు. "అమ్మా, ఆపమని గాని వెయ్యమని గాని నేను చెప్పకూడదు. రేపు ఉదయమే ఆ డాక్టరుగారికి ఫోను చేయించు" అని మాత్రం అన్నాను. ఆ తరువాత మా సంఘములోని ఒక వైద్య సహోదరిని అడిగాను. ఆమె నాకు మాత్ర గురించి చెప్పబోయి ఎలుకల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఇదేమిటమ్మా అంటే, "అయ్యగారూ, భయం అంటే ఏమిటో, మాత్ర దానిని ఏమి చేస్తుందో మనకు చాలావరకు నేర్పింది ఎలుకలే" అన్నది. ఆమె ఇచ్చిన పుస్తకాలు చదివి నాకు అర్థమైనంత ఈ నెల మీకు చెబుతాను. మన ఊళ్ళల్లో ఈ మాత్రలు వాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. బయటికి చెప్పరు గాని ఉన్నాయి.

ముందు సెరటోనిన్ అనే పదార్థం గురించి తెలుసుకోవాలి. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మారిస్ రాపోర్ట్, ఆర్దా గ్రీన్, ఇర్విన్ పేజ్ అనే ముగ్గురు దీనిని రక్తంలో నుండి వేరుచేశారు. రక్తనాళాలను బిగించే పదార్థంగానే అప్పుడు దీనిని ఎరుగుదురు. మన దేహంలోని సెరటోనిన్‌లో నూటికి తొంభై వంతుల పైగా పేగుల్లోనే ఉంటుంది. మెదడులో కూడా ఉన్నదని 1953లో చూపించినది బెట్టీ ట్వరోగ్ అనే యువతి. ఆమె అంతకు ముందు పరిశోధించినది ఏమిటో తెలుసా? సముద్రపు రాళ్ళకు అంటుకుని ఉండే ఆల్చిప్పల జాతి జీవిని. దాని కండరం బిగుసుకున్నప్పుడు దానిని వదులు చేసేది సెరటోనినే అని గమనించి, ఆల్చిప్పలో ఉన్నది పెద్ద జంతువుల మెదడులో ఎందుకుండకూడదని వెదికింది. దొరికింది.

ఈ సెరటోనిన్‌ను కొందరు "సంతోష రసాయనం" అని రాస్తుంటారు. అది పత్రికల మాట. అది తగ్గితే దిగులు, పెరిగితే సంతోషం అనుకోవడం తేలికే గాని, జంతువులలో చూస్తే లెక్క అలా కుదరదు. 2014లో ఫ్రాన్సు దేశంలోని బోర్డో పరిశోధకులు మంచినీటి రొయ్య వంటి ఒక జీవిని, ఇంగ్లీషులో క్రేఫిష్ అంటారు, నీళ్ళతో నింపిన శిలువ ఆకారపు తొట్టిలో వదిలారు. రెండు దారులు చీకటిగా, రెండు వెలుతురుగా ఉంటాయి. మామూలు రొయ్య చీకటిని ఇష్టపడినా వెలుతురులోకి కూడా వెళ్ళి చూసి వస్తుంది. ముందుగా విద్యుత్తుతో బాధపెట్టిన రొయ్య మాత్రం చీకటి దారిని విడిచి రాదు. దాని మెదడులో సెరటోనిన్ పెరిగి ఉన్నది. ఏ బాధా పెట్టని రొయ్యకు సెరటోనిన్ సూదితో ఎక్కిస్తే అది కూడా వెలుతురుకు భయపడింది! మనుషులకు గాబరా తగ్గడానికి ఇచ్చే క్లోర్‌డయాజిపాక్సైడ్ ఇస్తే మళ్ళీ మామూలుగా తిరిగింది. రొయ్యల చెరువుల మధ్య బ్రతికే మనం రొయ్యకు కూడా బెంగ ఉంటుందని ఎప్పుడైనా అనుకున్నామా?

అంటే సెరటోనిన్ భయం పుట్టించగలదు, భయం తగ్గించనూ గలదు. ఏది చేస్తుందన్నది అది ఏ తలుపు తడుతుందన్న దానిమీద ఉంటుంది. నాడీకణాల మీద దీనిని అందుకునే చోట్లు ఉంటాయి. వాటిని గ్రాహకాలు అంటారు. తాళం కప్పలనుకోండి. సెరటోనిన్ ఒక్కటే తాళంచెవి, కాని దానికి సరిపడే కప్పలు సుమారు పధ్నాలుగు రకాలు. ఒక కప్ప తెరిస్తే ఒక గది, మరొకటి తెరిస్తే మరొక గది. మన కథకు రెండు కప్పలు చాలు. ఒకటి 1ఎ, రెండవది 2సి. పేర్లు బడి తరగతుల్లాగ ఉన్నాయి, గుర్తుంచుకోవడం తేలికే.

ఎలుక భయపడుతున్నదో లేదో ఎలా తెలుస్తుందని నేనూ అడిగాను. దానికి ఒక ఉపాయం ఉంది. నేలకు సుమారు 50 సెంటీమీటర్లు, అంటే మూరెడు పైచిలుకు ఎత్తున, శిలువ ఆకారంలో ఒక చెక్క దారి కడతారు. ఎదురెదురుగా ఉన్న రెండు చేతులకు గోడలుంటాయి, మిగిలిన రెంటికి గోడలుండవు. ఎలుకను మధ్యలో వదిలి అయిదు నిమిషాలు చూస్తారు. ఎలుకకు గోడవార నడవడం అలవాటు, ఆరుబయట ఎత్తు మీద నడవడం భయం. అయినా కొత్త చోటు చూడాలనే ఆశ కూడా ఉంటుంది. ఈ రెంటి మధ్య అది ఎంతసేపు గోడలేని చేతుల మీద గడిపిందో లెక్కపెడితే దాని గాబరా కొలత దొరుకుతుంది. 1980ల నుండి గాబరా మందులను ఎలుకలలో ఈ చెక్క మీద పరీక్షించడం వాడుక.

1998లో అమెరికాలో మూడు ప్రయోగశాలలు వేరువేరుగా 1ఎ గ్రాహకం లేకుండా పుట్టే చిట్టెలుకలను తయారుచేశాయి. మూడు చోట్లా ఒకే ఫలితం వచ్చింది. ఆ చిట్టెలుకలు మిగిలినవాటికంటె పిరికివి. కొలంబియా విశ్వవిద్యాలయంలో రెనే హెన్ బృందం 2002లో ఇంకొక అడుగు వేసింది. ఆ గ్రాహకాన్ని తమకు కావలసిన వయస్సులో ఉంచి, కావలసిన వయస్సులో తీసేసే విధానం కనిపెట్టారు. పెద్దయ్యాక తీసేస్తే చిట్టెలుకకు పిరికితనం రాలేదు. పుట్టిన తరువాతి మొదటి వారాలలో అది ఉండడమే ముఖ్యమని తేలింది. ఇది చదివినప్పుడు నా మనస్సు కాసేపు అక్కడే ఆగిపోయింది. చిట్టెలుక సంగతిని పసిబిడ్డకు నేరుగా అంటగట్టకూడదు, నిజమే. అయినా తాగి వచ్చి కేకలు వేసే తండ్రి ఉన్న ఇళ్ళు కొన్ని కళ్ళముందు మెదిలాయి.

ఈ 1ఎ కప్పను నేరుగా తెరిచే మందు ఒకటుంది, బస్పిరోన్. అమెరికాలో 1986లో అనుమతి వచ్చింది. శిలువ చెక్క మీద దాని ఫలితం ఒకచోట భయం తగ్గినట్టు, ఇంకొకచోట పెరిగినట్టు రకరకాలుగా వచ్చింది. దాని సంగతి అంతటితో వదిలేద్దాం. మన ఊళ్ళకు ఎక్కువగా వచ్చేవి ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి. ఇవి ఏ కప్పనూ నేరుగా తెరవవు. ఒక కణం విడిచిన సెరటోనిన్‌ను అదే కణం మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. ఈ మాత్రలు ఆ పీల్చుకునే దారిని మూస్తాయి. కాబట్టి బయట సెరటోనిన్ నిలిచి, కప్పలన్నిటినీ తడుతుంది. కావలసినవాటినీ, అక్కరలేనివాటినీ.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. మాత్ర వేసిన గంటల్లోనే ఈ దారి మూసుకుంటుంది కదా, మరి గుణం కనబడడానికి వారాలెందుకు? పైగా మొదట్లో గాబరా పెరగడమేమిటి?

మన కాలువ లస్కరును గుర్తుచేసుకోండి. కింద పొలాల దగ్గర మురుగు దారి ఎవరో మూశారు, కాలువలో నీరు ఎగదన్నింది. పైన లస్కరు మట్టం చూసి, "అబ్బో, నీరెక్కువైంది" అని షట్టరు దించేస్తాడు. మెదడు అడుగుభాగాన సెరటోనిన్ తయారుచేసే కణాలు ఒక గుంపుగా ఉన్నాయి. వాటిమీద కూడా 1ఎ గ్రాహకాలున్నాయి. అవే లస్కర్లు. మాత్ర మొదలుపెట్టగానే సెరటోనిన్ మట్టం పెరిగిందని చూసి ఆ కణాల పనిని తగ్గించేస్తాయి. కెనడాలోని మాంట్రియల్‌లో పియర్ బ్లియే, క్లోడ్ ద మాంటినీ అనే పరిశోధకులు 1980లలో ఎలుకల మెదడులో దీనిని కొలిచారు. మందు మొదలుపెట్టిన రెండు రోజులకు ఆ కణాల పని బాగా పడిపోయింది. వారానికి కొంత తేరుకుంది. రెండు వారాలకు మామూలైంది. లస్కరు ఆ మట్టానికి అలవాటుపడి షట్టరు మళ్ళీ ఎత్తాడన్నమాట. అప్పటినుండి గదా నీరు చివరి మడి దాకా నిజంగా పారేది!

గాబరా పెరగడానికి రెండవ కప్ప కారణమని న్యూయార్క్‌లో జోసెఫ్ లెడూ బృందం చూపించింది. వారు ఎలుకకు ఒక శబ్దం వినిపించి, వెంటనే కాలికి చిన్న షాక్ ఇస్తారు. కొన్నిసార్లకే ఎలుక నేర్చుకుంటుంది. తరువాత షాక్ లేకుండా ఆ శబ్దం ఒక్కటే వినిపించినా కొయ్యబారిపోతుంది. (మూగజీవులకు షాక్‌లివ్వడం నాకు కష్టంగానే తోచింది. వాటి బాధ వలన మన బిడ్డలకు మేలు కలుగుతున్నదన్న సంగతి మరచిపోకుండా ఉంటే చాలు.) మన పిల్లవానికి ట్రాక్టరు చప్పుడు అలాంటిదే. ఆ చప్పుడు వానినేమీ చేయదు. కాని దేహం పాఠం నేర్చేసుకుంది.

2004లో వారు రాసినదేమిటంటే, సిటలోప్రామ్ ఒక్క మోతాదు ఇచ్చి ఈ పాఠం నేర్పితే ఎలుక భయాన్ని ఇంకా గట్టిగా నేర్చుకున్నది. అదే మందు సుమారు మూడు వారాలు ఇచ్చి నేర్పితే భయాన్ని తక్కువగా నేర్చుకున్నది. మందు ఒకటే, ఎలుకలు ఒకే రకం, తేడా అంతా రోజుల్లో ఉన్నది! 2007లో అదే బృందం, మొదటి మోతాదుతో పెరిగే భయం 2సి గ్రాహకాన్ని మూసే మందు ముందుగా ఇస్తే పెరగదని చూపించింది. కాబట్టి మొదటి రోజులలో కలిగే గాబరా పిల్లవాని పిరికితనమూ కాదు, డాక్టరు తప్పుమందు ఇచ్చాడనుటకు రుజువూ కాదు. మందు వలన అలా జరగవచ్చు.

ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఆ తల్లి అయిదు రోజులు అంత ఏడ్చి ఉండేది కాదు. మందు చీటీ రాసేవారికి రెండు నిమిషాలు తీరిక ఉంటే ఎంత బాగుండును! బయట యాభైమంది కూర్చుని ఉంటారు, వారి కష్టం వారిది. కాని చెప్పని ఆ రెండు నిమిషాల వలన ఎన్ని మాత్రల షీట్లు సగంలో గూటిలో పడి ఉన్నాయో.

ఇక్కడ ఒక హెచ్చరిక రాయకుండా ముందుకు పోలేను. మొదటి వారాలలో గాబరా పెరగవచ్చునని చెప్పాను గనుక, ఏది జరిగినా ఓర్చుకోమని అనుకోవద్దు. చిన్న వయస్సువారిలో ఈ మందులు మొదలుపెట్టినప్పుడు కొద్దిమందికి చనిపోవాలనే తలంపులు రావచ్చునని అమెరికా మందుల సంస్థ 2004లో మందు వివరాల కాగితంలో నల్ల గీత హెచ్చరిక వేయించింది. 2007లో దానిని 24 ఏళ్ళ వయస్సు వరకు పెంచింది. బిడ్డ అలాంటి మాట అన్నా, అసలు నిద్రలేకుండా తిరుగుతున్నా, ఎప్పుడూ లేని విధంగా ప్రవర్తిస్తున్నా, నెల గడువు చూడకండి. ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి, ఒంటరిగా ఉంచకండి. అలాగే, వారాల తరబడి వాడిన మాత్రను ఒక్కసారిగా ఆపినా తల తిరుగుడు, చిరాకు, వికారం వస్తాయి. మొదలుపెట్టడమైనా ఆపడమైనా డాక్టరు చేతిలోనే ఉండాలి. కాపరి చేతిలో కాదు, వీధి అరుగు మీద అసలే కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మూడు వారాలు గడిచాయి, లస్కరు షట్టరు ఎత్తాడు, గాబరా తగ్గింది. పిల్లవానికి ట్రాక్టరు భయం పోయినట్టేనా?

నేర్చుకున్న స్పందన ఎలా పోతుందో పరీక్షించినవాడు రష్యాలోని ఇవాన్ పావ్లోవ్. ఈయన ఒక గురువుగారి కుమారుడు, సెమినరీలో కూడా చదివి, తరువాత విజ్ఞానశాస్త్రం వైపు వెళ్ళాడు. శబ్దం వినిపిస్తూ, దానితో రావలసినది రాకుండా చేస్తే జంతువు ఆ శబ్దానికి స్పందించడం క్రమంగా మానేస్తుందని ఆయన చూపించాడు. కాని అది పాత పాఠాన్ని చెరిపివేయడం కాదు. పాత పాఠం మీద కొత్త పాఠం రాయడం. కొన్నాళ్ళు గడిచినా, చోటు మారినా అడుగున ఉన్న పాత పాఠం మళ్ళీ పైకి వస్తుంది.

2011లో ఫిన్లాండు దేశంలోని హెల్సింకిలో ఈరో కాస్ట్రెన్ బృందం చేసిన ప్రయోగం నన్ను బాగా ఆకట్టుకున్నది. చిట్టెలుకలకు శబ్దంతో భయం నేర్పారు. కొన్నిటికి తాగే నీళ్ళలో ఫ్లూఆక్సెటిన్ కలిపి ఇచ్చి, భయం మాన్పే అభ్యాసమేమీ చేయించలేదు. వాటి భయం నిలిచే ఉన్నది. కొన్నిటికి మందు లేకుండా అభ్యాసం చేయించారు, అంటే షాక్ లేకుండా శబ్దం మాటిమాటికి వినిపించారు. వాటికి భయం తగ్గింది గాని తరువాత తిరిగి వచ్చింది. మూడవ గుంపుకు మందూ ఇచ్చారు, అభ్యాసమూ చేయించారు. వాటి భయం పోయింది, రోజులు గడిచినా, చోటు మార్చినా తిరిగి రాలేదు. ఆ మందు భయం ఉండే మెదడు భాగాన్ని చిన్న వయస్సులో ఉన్నట్టు, మళ్ళీ నేర్చుకోగల స్థితికి తెచ్చిందని వారు వివరించారు. అయితే ఏమి నేర్చుకోవాలో మందు చెప్పలేదు. అది అభ్యాసమే చెప్పింది.

అంతకు ముందు 2008లో ఇటలీలోని పీసా పరిశోధకులతో కలిసి ఇదే కాస్ట్రెన్ కంటి విషయంలో కూడా ఇటువంటిదే చూశాడు. చిన్నప్పుడు ఒక కన్ను మూసి ఉంచడం వలన చూపు మందగించిన ఎలుకలకు, పెద్దయ్యాక ఫ్లూఆక్సెటిన్ ఇచ్చి, మంచి కన్ను మూసి, మందగించిన కన్ను వాడించారు. ఆ కంటికి చూపు తిరిగి వచ్చింది. దున్నిన పొలం వంటిది ఇది. దున్నితే నేల గుల్లబారుతుంది. విత్తనం మనమే వేయాలి, లేకపోతే తుంగే మొలుస్తుంది.

అయితే ఎలుకకు పనిచేసినదల్లా మనిషికి పనిచేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇదే కంటి వైద్యాన్ని మనుషులలో పరీక్షిస్తే ఫ్లూఆక్సెటిన్ వలన అదనపు మేలు కనబడలేదని 2018లో ఫిన్లాండువారే ప్రకటించారు. భయం విషయంలో కూడా అన్ని ఫలితాలూ ఒకవైపే లేవు. లెడూ బృందమే 2013లో, సిటలోప్రామ్ మూడు వారాలు తీసుకున్న ఎలుకలు భయం మానడం నేర్చుకోవడంలో వెనుకబడ్డాయని రాసింది. హెల్సింకివారి మాటకు ఇది ఎదురుగా ఉన్నది. మందు వేరు, జంతువు వేరు, చేయించిన విధానం వేరు. ఇటువంటి చోట తొందరపడి తీర్పు చెప్పేవారికంటె "ఇంకా చూస్తున్నాం" అనేవారిని నేను నమ్ముతాను. లండనులో జొఆనా మాన్‌క్రీఫ్ మొదలైనవారు 2022లో పాత పరిశోధనలన్నీ తిరగవేసి, సెరటోనిన్ తక్కువ కావడం వలననే దిగులు జబ్బు వస్తుందనుటకు నిలకడైన ఆధారం లేదన్నారు. దానిని పట్టుకుని మాత్రలన్నీ మోసం అనేవారు బయలుదేరారు. జ్వరం మాత్ర లేకపోవడం వలన జ్వరం రాదు, అయినా మాత్ర వేస్తే తగ్గుతుంది కదా. జబ్బుకు కారణం ఏమిటన్నది ఒక ప్రశ్న, మందు పనిచేస్తుందా అన్నది మరొక ప్రశ్న.

ఇంకొక రకం మాత్ర గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే ఆ అయిదు రోజులలో పొరుగింటామె ఈ పిల్లవానికి తన దగ్గరున్న "నిద్రమాత్ర" కూడా ఇచ్చిందని తరువాత తెలిసింది. డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ జాతివి. ఇవి సెరటోనిన్ దారిలో కాక వేరే దారిలో పనిచేస్తాయి, అరగంటలో గాబరా అణుగుతుంది. అందుకే అందరికీ ఇవే మంచి మందులుగా తోస్తాయి. 1990లో అమెరికాలోని వెర్మాంట్‌లో మార్క్ బౌటన్ బృందం ఎలుకలకు ఈ జాతి మందులు ఇస్తూ భయం మాన్పే అభ్యాసం చేయించింది. భయం పోయింది. మందు లేకుండా పరీక్షిస్తే భయం మళ్ళీ ఉన్నచోటనే ఉన్నది! మందు మత్తులో నేర్చుకున్నది మందు ఉన్నప్పుడే గుర్తుకు వస్తుంది. కొన్నిసార్లు డాక్టర్లు మొదటి రోజుల గాబరాకు కొద్ది దినాలు వీటిని ఇస్తారు, అది వేరు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగడం వేరు. అలవాటు పడితే వదలడం చాలా కష్టం.

మన ఇళ్ళల్లో జరిగేదేమిటో ఇప్పుడు చూడండి. భయపడేవానికి మాత్ర ఇస్తాం. ఆ వెంటనే, "పాపం, వాణ్ణి బయటికి పంపకండి, ట్రాక్టరు కనబడితే తలుపు వేయండి, ఆ ఊసు ఎత్తకండి" అంటాం. ప్రేమతోనే అంటాం. హెల్సింకిలో మందు మాత్రమే తీసుకున్న మొదటి గుంపు చిట్టెలుకలకు జరిగింది కూడా అంతే. దీనికి ఎదురుగా ఇంకొందరు, ముఖ్యంగా తండ్రులు, "మగపిల్లవాడవు, ఎక్కరా ట్రాక్టరు" అని చెయ్యిపట్టి లాగుతారు. అభ్యాసం అంటే అది కాదు. ఎలుకకు శబ్దం వినిపించినది షాక్ లేని చోట. భయపెట్టి నేర్పితే మళ్ళీ భయమే నేర్చుకుంటాడు.

ఆ తల్లి సోమవారం డాక్టరుగారికి ఫోను చేయించింది. ఆయన మోతాదు సగం చేసి మెల్లగా పెంచుదామన్నారు, మూడు రోజుల్లో తీసుకురమ్మన్నారు. ఈసారి ఆయన చాలాసేపు మాట్లాడారట. నెల గడిచాక పిల్లవానికి నిద్ర కుదిరింది. అప్పుడు డాక్టరుగారు ఒక కాగితం మీద మెట్లు మెట్లుగా రాసి ఇచ్చారు. మొదట ఇంటి అరుగు మీద కూర్చుని దూరాన పోయే ట్రాక్టరు చప్పుడు వినాలి, గుండె దడ తగ్గేదాకా లోపలికి పోకూడదు. అది తేలికైతే కాలువ వంతెన దాకా నడక. తరువాత ఆగి ఉన్న ట్రాక్టరును ముట్టుకోవడం. ప్రతి మెట్టు మీద వాని ఇష్టం వచ్చినన్ని రోజులు. ఆ కాగితాన్ని తల్లి గోడ క్యాలెండరు పక్కన అంటించింది. కాలు విరిగిన స్నేహితుడు కర్ర పట్టుకుని వచ్చి వంతెన మీద వీని పక్కన కూర్చుంటున్నాడు. ఆ ఉపాయం డాక్టరుగారు రాసినది కాదు, వాడు తనంతట తానే వచ్చాడు.

పోయిన వారం నేను అటు వెళ్ళినప్పుడు ఇద్దరూ ఆగి ఉన్న ట్రక్కు మీద కూర్చుని వేరుశనగకాయలు తింటున్నారు. ఇంజను వేద్దామా అని డ్రైవరు నవ్వుతూ అడిగితే, వీడు ఒక్క దూకులో కిందికి దిగాడు. దిగినవాడు ఇంట్లోకి పరుగెత్తలేదు. పది బారల దూరంలో, చింతచెట్టు కింద నిలబడి, "ఇప్పుడు వెయ్యి" అన్నాడు.